నాలా సన్నబడింది, సంతోషించండి

మనుషులు సన్నబడాలంటే జిమ్ కావాలి, రాగిజావ కావాలి, ఓపిక కావాలి. హైదరాబాద్‌లో నాలాకు, అంటే వాననీళ్లు పోయే కాలువకు, ఇవేమీ అక్కర్లేదు. ఒడ్డున ఉన్న పాత ఫ్యాక్టరీ స్థలం అమ్ముడుపోతే చాలు, దానంతటదే సన్నబడుతుంది.

ఇది వేళాకోళం కాదు, లెక్క. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే దాని హద్దు నుంచి 9 మీటర్లు వదిలి కట్టుకోవాలి. 10 మీటర్ల లోపైతే 2 మీటర్లు వదిలితే సరి. అంటే నాలా ఒక జానెడు తగ్గితే ఒడ్డున 7 మీటర్ల నేల పుడుతుందన్నమాట. 150 మీటర్ల పొడవు స్థలానికి ఇది 1,050 చదరపు మీటర్లు, పన్నెండు వందల గజాల పైమాటే. కూకట్‌పల్లిలో గజం ఎంతో తెలిసినవాళ్లు గుణించుకుని, కాసేపు మంచినీళ్లు తాగి, మిగతాది చదవండి.

మా మిత్రుడొకాయన పర్యావరణ ప్రభావ మదింపు నివేదికలు రాస్తుంటాడు. ఆ వృత్తి అంటే నాకు మొదటినుంచీ గౌరవం. మొన్న మే నెలలో నన్నూ ఒక సైటుకు తీసుకెళ్లాడు. హుస్సేన్‌సాగర్‌కు పోయే నాలా పక్కనే మూతపడ్డ ఫ్యాక్టరీ. షెడ్ల మీద రేకులు లేవు. యంత్రాలు ఉండిన చోట నేల నల్లగా ఉంది, చెప్పు పెడితే అంటుకుంటోంది. నాలాలో గుర్రపుడెక్క, థర్మోకోల్ ముక్కలు, ఒక సోఫా. సోఫా మీద ఒక కొంగ, దాని ఇంటికి మనం చుట్టపుచూపుగా వచ్చినట్టు చూస్తోంది.

ఇద్దరు కుర్రాళ్లు టేపు పట్టుకున్నారు. అవతలి ఒడ్డున బురద ఉంటే, రెండోవాడు ప్యాంటు పాడవుతుందని నీళ్ల అంచున ఉన్న రాయి మీద నిలబడ్డాడు. ఇవతలివాడూ నీళ్ల అంచుదాకా దిగాడు. "సార్, తొమ్మిది అరవై" అని అరిచాడు.

"ఒడ్డు నుంచి ఒడ్డుకు కదా కొలవాలి?" అన్నాను.

"నీళ్లు ఎంతవరకుంటే అంతవరకే నాలా. ఎండిన చోటును కూడా నాలా అంటే నేలను అవమానించినట్టే" అన్నాడు మిత్రుడు. రాసుకున్నాను.

మే నెలలోనే ఎందుకు వచ్చామంటే దానికీ శాస్త్రం ఉంది. 20,000 చదరపు మీటర్ల లోపు కట్టేవాళ్లకు అసలు పర్యావరణ అనుమతితో పనే లేదు. అందుకే కొన్ని భవనాలు 19 వేలు దాటగానే, పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లల్లా, ఎదగడం మానేస్తాయి. ఈ ప్రాజెక్టు అంత బుద్ధిమంతురాలు కాదు, లక్షన్నర దాటేసింది. కాబట్టి నివేదిక రాయాలి, నివేదికకు ఒక సీజన్ పాటు గాలి, నీరు, మట్టి వివరాలు సేకరించాలి. ఏ సీజనైనా పర్వాలేదు, వానాకాలం మాత్రం కాకూడదు. అల్లుడి గుణగణాలు తెలుసుకోవాలంటే అతను ఇంట్లో లేనప్పుడు వెళ్లి చూసొచ్చినట్టు.

2000 ఆగస్టు 24న ఈ నగరం మీద ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో మళ్లీ పడింది, చెరువుల కట్టలు తెగాయి. అవి సీజన్‌లో లేని సంగతులు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది పోతే, నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. పాపం, వాళ్లకు తెలియక అంత ఖర్చు పెట్టారు. మే నెలలో టేపు పట్టుకుంటే మూసీ కూడా లొంగేది.

ఇక ప్రభావం సంగతి. చేపలకు నష్టం ఉందా అన్న ప్రశ్నకు లేదు అని రాశారు, ఇది నూటికి నూరుపాళ్లు నిజం. చేపలుంటే కదా. దుర్వాసన పెరుగుతుందా? పెరగడానికి చోటు లేదు. నల్లమట్టిని ఏం చేస్తారని అడిగితే "బయటికి తరలిస్తాం" అన్నాడు. బయటికంటే ఎక్కడికి? "అది మా స్టడీ ఏరియాలోకి రాదు." ఆవరణలో ఉన్న నాలుగు పెద్ద వేపచెట్ల బదులు నలభై పామ్ మొక్కలు పెడతారట. లెక్కన చూస్తే పచ్చదనం పది రెట్లు పెరిగింది. చెట్టు నీడలో మంచం వేసుకోవచ్చా లేదా అనే కాలమ్ ఫారంలో లేదు.

అవతలి బస్తీవాళ్లను ఎవరూ ఇబ్బంది పెట్టలేదు. భవనాలకు, టౌన్‌షిప్‌లకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషనే మినహాయింపు ఇచ్చింది. టెంటు, కుర్చీలు, మైకు, మధ్యలో కరెంటు పోవడం, అన్నీ మిగిలాయి. ఇక్కడి నేల అంతా సిమెంటు అయిపోతే వాన నీళ్లు అవతలికే పోతాయి కదా, అప్పుడు వాళ్లకు ఎటూ తెలుస్తుంది.

బయల్దేరుతుంటే వాచ్‌మన్ వెనకే వచ్చాడు. ప్రహరీ గోడ మీద చేత్తో చూపించాడు. మసక గోధుమరంగు గీత ఒకటి, అతని ఛాతీ ఎత్తున, గోడ పొడవునా ఉంది.

"సార్, రెండువేల ఇరవైల నీళ్లు గీడిదాంక వచ్చినయ్. నా మంచం కొట్టుకపోయింది."

నా మిత్రుడి చేతిలో పర్యావరణ అనుమతికి పెట్టే దరఖాస్తు, ఫారం-1 ఉంది. వరదల వంటి వైపరీత్యాలకు గురయ్యే ప్రాంతం దగ్గర్లో ఉందా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. ఆయన గీత వైపు చూశాడు, ఫారం వైపు చూశాడు, మళ్లీ గీత వైపు చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. ఆయన మనసులో సంఘర్షణ జరుగుతోందని నాకు గౌరవం ఇంకా పెరిగింది.

తర్వాత టేపు చుడుతున్న కుర్రాణ్ని పిలిచాడు.

"కూల్చేవాటి లిస్టులో ఈ గోడ మొదట రాయి."