5 ఏళ్ల 7 నెలల శాశ్వతత్వం

డేటాబేస్ కంపెనీల కష్టాలను మన సమాజం ఏనాడూ సరిగ్గా పట్టించుకోలేదు. రైతు మీద పాటలున్నాయి, నేతన్న మీద కవితలున్నాయి. ఓపెన్ సోర్స్ డేటాబేస్‌కు, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టిన డేటాబేస్‌కు, ఎక్స్‌టెన్షన్ అనే అదనపు భాగం రాసి, దాన్ని అమ్ముకునే దారి దొరక్క అల్లాడిపోయే పెట్టుబడిదారుడి మీద మాత్రం ఇంతవరకూ ఒక్క బుర్రకథయినా రాలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

రెడిస్ అనే డేటాబేస్ సంగతే చూడండి. 2009లో సిసిలీకి చెందిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో దాన్ని రాసి, బీఎస్‌డీ లైసెన్స్ కింద లోకానికి వదిలేశాడు. నా పేరు చెరపకండి, నన్ను కోర్టుకు లాగకండి, మిగతాదంతా మీ ఇష్టం, కావాలంటే అమ్ముకోండి అనేది ఆ లైసెన్స్ సారాంశం. ఒక పేజీ నిండదు. ఇంత పొట్టి లైసెన్స్ పెడితే లాయర్ల పిల్లల ఫీజులు ఎవరు కడతారన్న ఆలోచనే ఆ మహానుభావుడికి రాలేదు.

2011లో ఒక కంపెనీ పుట్టింది. సాన్‌ఫిలిప్పో రాసిన రెడిస్‌ను క్లౌడ్‌లో నడిపిపెట్టి అద్దె వసూలు చేయడం దాని వ్యాపారం. తర్వాత రెడిస్ ల్యాబ్స్ అని పేరు మార్చుకుంది, 2015లో ఆయన్నే ఉద్యోగంలోకి తీసుకుంది. అంతా ధర్మబద్ధమే. ఎవరో రాసిన కోడ్‌ను మనం అద్దెకిస్తే అది ఆవిష్కరణ. 2013 నుంచి అమెజాన్ కూడా అదే పని మొదలుపెట్టింది చూడండి, అది దోపిడీ. ఈ తేడా తెలియాలంటే కాస్త చదువుకుని ఉండాలి.

దోపిడీని ఊరికే వదిలేయలేం కదా! రెడిస్‌కు తగిలించుకునే మాడ్యూళ్లను కంపెనీ అప్పటికే తయారుచేసింది. వెతుకులాటకు ఒకటి, జేసన్ అనే డేటా రూపానికి ఒకటి, గ్రాఫ్‌కు ఒకటి. 2018 ఆగస్టులో వాటి పాత లైసెన్స్ తీసేసి, అపాచీ అనే మరో ఉదార లైసెన్స్ ఇచ్చి, దాని నెత్తిన ‘కామన్స్ క్లాజ్’ అనే పేరాను కూర్చోబెట్టింది. కింద అపాచీ హక్కులన్నీ మీవే అంటుంది. పైన పేరా అమ్ముకునే హక్కు తప్ప అంటుంది. పైగా అందులో అమ్మడమంటే సీడీ చేతిలో పెట్టి డబ్బు తీసుకోవడం ఒక్కటే కాదు. డబ్బు తీసుకుని హోస్ట్ చేసినా, సపోర్ట్ ఇచ్చినా, ఆ సేవ విలువ పూర్తిగా గానీ గణనీయంగా గానీ ఆ సాఫ్ట్‌వేర్ వల్లే వస్తోందంటే అమ్మినట్టే. గణనీయంగా అంటే ఎంత? పావు వంతా, సగమా? రాయలేదు. రాస్తే ఇంజనీరే చదివి అర్థం చేసుకుంటాడు, ఇక లాయర్ గుమ్మం ఎవరు తొక్కుతారు? ‘ఈ మాడ్యూల్ వాడొచ్చా సార్’ అని లీగల్ టీమ్‌కు మెయిల్ పెట్టి, జవాబు కోసం ఎదురుచూసిన హైదరాబాద్ కుర్రాళ్లను అడగండి, ఆ ఒక్క మాట ఎంత బరువో చెబుతారు.

ఆ క్లాజ్ రాసినవాళ్లు మర్యాదస్తులు. ఇది తగిలిస్తే ఓపెన్ సోర్స్ అనకూడదని వాళ్లే ఒప్పుకున్నారు. డెబియన్, ఫెడోరా అనే లైనక్స్ పంపిణీల వాళ్లే తొందరపడి, పాత లైసెన్స్ కింద ఉన్న కోడ్ తీసుకుని ‘గుడ్‌ఫార్మ్’ పేరుతో వేరు కుంపటి పెట్టారు. జనం కంగారు చూసి కంపెనీ ఓ మాట ఇచ్చింది: మార్పు మాడ్యూళ్లకే, అసలు రెడిస్ ఎప్పటికీ బీఎస్‌డీయే.

2024 మార్చిలో ఆ ‘ఎప్పటికీ’ గడువు తీరింది, అసలు రెడిస్‌కూ బీఎస్‌డీ తీసేశారు. 5 ఏళ్ల 7 నెలలు. తక్కువేం కాదు, మన అసెంబ్లీ గడువు కన్నా ఎక్కువే.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని గిట్టనివాళ్లు ఆడిపోసుకున్నారు. ఎనిమిది రోజులు తిరిగేసరికి లైనక్స్ ఫౌండేషన్ నీడలో ‘వాల్కీ’ అనే చీలిక వచ్చింది. స్వేచ్ఛను కాపాడటానికి ముందుకొచ్చిన త్యాగధనులెవరంటే అమెజాన్, గూగుల్, ఓరాకిల్. 2011లో తన మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు, ఒకేసారి ఎక్కువమంది వచ్చినా తట్టుకునేలా చేసే థ్రెడ్ పూల్‌ను డబ్బు కట్టినవాళ్లకే ఇచ్చే ఎక్స్‌టెన్షన్‌గా తెచ్చింది ఈ ఓరాకిలే. అంటే నలుగురు వాడుకున్నంతసేపూ డేటాబేస్ ఉచితం, జనం తోసుకొస్తే టికెట్. నిజానికి అందులో తప్పేమీ లేదు. అమ్మేది అమ్మేదేనని మొదటిరోజే బోర్డు పెట్టి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ అలా చేస్తే ‘కమ్యూనిటీ’ అనే మాట వాడుకునే అవకాశం పోతుంది.

ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాళ్లంత అనాగరికులు మరొకరు లేరు. 1986లో బర్క్‌లీలో మొదలైన ఆ ప్రాజెక్టుకు ఎవరైనా ఎక్స్‌టెన్షన్ రాయొచ్చు, కోడ్ మూసిపెట్టి అమ్ముకోవచ్చు, అమ్ముకుంటున్నారు కూడా. ఎవరూ ఏడవరు. పోనీ లైసెన్స్ మార్చి దారికి తెద్దామా అంటే, మార్చడానికి ఒక యజమానంటూ లేడు.

2025 మేలో రెడిస్ 8 వచ్చింది. గ్రాఫ్‌ను అప్పటికే ఆపేశారు. ఏ మాడ్యూళ్ల కోసం అంత యుద్ధం జరిగిందో వాటిలో వెతుకులాట, జేసన్ మాడ్యూళ్లను అసలు రెడిస్‌లోనే కలిపేశారు. కావాలంటే ఏజీపీఎల్ అనే లైసెన్స్ కింద తీసుకోండి, అది నిఖార్సయిన ఓపెన్ సోర్స్ అన్నారు. 2018 ఆగస్టుకు ముందు ఆ మాడ్యూళ్లు ఏ లైసెన్స్ కింద ఉండేవంటారా? ఏజీపీఎల్ కిందే.