ఇడ్లీ పిండిలో బి12 ఉందని దయచేసి ఎవరికీ పంపకండి

ఆ పొడవాటి సందేశం మళ్లీ వచ్చింది. బంధువుల గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంటు గ్రూపులో ఒకసారి, నిన్న పాత స్నేహితురాలి దగ్గర నుంచి విడిగా ఇంకోసారి. పంపినవారందరిదీ ఒకటే మాట: "నువ్వు పాలు, నెయ్యి లేకుండానే వండుతావు కదా, నీకు నచ్చుతుందని పంపాను." నచ్చలేదు. పైగా ఒళ్లు మండింది. పాలు లేని వంటను ఎగతాళి చేసేవారికి జవాబు చెప్పడం నాకు అలవాటే. దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తూ అబద్ధాలు కట్టేవారితోనే వస్తోంది చిక్కంతా.

చూడనివారి కోసం ఆ సందేశంలోని సంగతులు చెబుతాను. పేరు "పాలు లేని అమృతాహారం". అందులో ఉన్నవి ఇవి: మన పూర్వీకులు పాలు ముట్టలేదు, బెల్లం, ఖర్జూరం చక్కెర కిందికి రావు కాబట్టి షుగర్ ఉన్నవారు ఆ మిఠాయిలు ఎన్నైనా తినవచ్చు, గ్లాసు బాదం పాలలో ఆవుపాల కన్నా కాల్షియం ఎక్కువ, నెయ్యి బదులు కొబ్బరినూనె వేస్తే సున్నుండ రుచిలో తేడా తెలియదు, మిరపకాయ తొడిమలతో వేరుశనగ పాలు తోడుకుంటాయి, పులిసిన ఇడ్లీ పిండిలో కావలసినంత బి12 విటమిన్ ఉంటుంది కాబట్టి ఆ విటమిన్ మాత్రలు మందుల కంపెనీల మోసం, ఇవన్నీ రాగి పాత్రలో చేస్తే రెట్టింపు ఫలం. చివర్లో షరా మామూలే, పదిమందికి పంపితే పుణ్యం.

పూర్వీకుల సంగతి ఒక్క వాక్యంలో తేల్చేయవచ్చు. వెన్నదొంగకు ఊరూరా గుడి కట్టి, పెరుగన్నం నైవేద్యం పెట్టిన నేల మనది. పాలు మానేయాలనుకునేవారికి పశువుల మీద దయో, ఒంటికి సరిపడకపోవడమో, మరో కారణమో ఉంటుంది, అది చాలు. దానికి లేని చరిత్రను అతికించనక్కరలేదు.

బెల్లం మాట. బెల్లంలో నూటికి 65 నుంచి 85 పాళ్లు సుక్రోజే, అంటే పంచదారలో ఉన్న పదార్థమే. ఖర్జూరం బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు చక్కెరే. రంగు, వాసన, కాస్త ఖనిజాలు అదనం. ఒక్క వేరుశనగ ఉండలో ఇరవై గ్రాముల బెల్లం పట్టిందనుకుంటే మూడు చెంచాల పంచదార తిన్నట్టే. ఆ ఉండ మంచి తిండే, అందులో అనుమానం లేదు. పిల్లవాడి చేతిలో బిస్కెట్ ప్యాకెట్టుకు బదులు వేరుశనగ ఉండ ఉంటే నాకూ సంతోషమే. కానీ షుగర్ మాత్రలు వేసుకునే పెద్దాయనకు "ఎన్నైనా తినవచ్చు" అని రాసినవాళ్లు ఆయన కాలి పుండు వైపు ఒకసారి చూసి రాయవలసింది. రాగి జావకూ ఇదే వర్తిస్తుంది. మెత్తగా పట్టించిన పిండిని జావ కాస్తే అది తొందరగా అరిగి రక్తంలో గ్లూకోజును పెంచుతుంది. అదే పిండిలో మునగాకు, ఉల్లిపాయ ముక్కలు కలిపి రొట్టె కాల్చి, పక్కన పప్పు పెట్టుకుంటే ఆ వేగం కొంత తగ్గుతుంది. ఏ ధాన్యమైనా దాన్ని ఎలా వండామన్నది ముఖ్యం.

బాదం పాల లెక్కను కాగితం మీద వేసి చూడండి. ఇంట్లో గ్లాసుకు పది గింజలు వేస్తాం. పది గింజలంటే సుమారు పన్నెండు గ్రాములు. వంద గ్రాముల బాదంలో కాల్షియం 250 మిల్లీగ్రాములు అనుకుంటే మన గ్లాసులోకి వచ్చేది 30, అదీ పిప్పి వడకట్టి పారేయకపోతే. అదే గ్లాసు ఆవుపాలలో 240 దాకా ఉంటుంది. వంద గ్రాముల గింజలను వంద గ్రాముల పాలతో పోల్చి, ఆ అంకెను గ్లాసుకు అంటగట్టారు. పాలు మానినవారికి కాల్షియం కావాలంటే దారి మన వంటింట్లోనే ఉంది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల చుట్టుపక్కల, నువ్వుల్లో వెయ్యికి పైగా ఉంటుంది. నువ్వుల్లోని కాల్షియం అంతా ఒంటికి పట్టదు, నిజమే. అయినా వదులుకోదగిన తిండి కాదు. చిమ్మిలి చేసి చూడండి. నువ్వులు చిటపటమనే దాకా దోరగా వేయించి, చల్లారాక బెల్లంతో కలిపి రోట్లో దంచాలి. మొదట పొడిపొడిగా ఉంటుంది. దంచేకొద్దీ నువ్వుల్లోంచి నూనె ఊరి, రోకలికి అంటుకుని, ముద్ద దానంతటదే మెరుస్తూ దగ్గర పడుతుంది. అప్పుడు ఉండ కడితే నెయ్యి చుక్క కూడా అక్కరలేదు. ఇంత చక్కని వంటకం చేతిలో ఉండగా బాదం పాలకు లేని గొప్ప అంటగట్టడమెందుకు?

సున్నుండల విషయంలో మాత్రం నెయ్యి పక్షం వారితో ఏకీభవిస్తాను. తేడా తెలుస్తుంది, బాగా తెలుస్తుంది. వేయించిన మినప్పిండికి కాగిన నెయ్యి తగిలినప్పుడు వచ్చే ఆ వాసన కొబ్బరినూనెతో రాదు. కొబ్బరినూనె వేస్తే నోట్లో కొబ్బరే ముందు పలుకుతుంది. నేను వేయించిన జీడిపప్పును నూనె విడిచేదాకా రుబ్బి దానితో ఉండ కడతాను. అది వేరే మిఠాయి, దాని రుచి దానిది. "అచ్చం అలాగే ఉంటుంది" అని చెప్పి పెడితే తిన్నవారు మొదటి ముక్కకే మోసపోయామనుకుంటారు, ఆ తరువాత మనం ఏది పెట్టినా నమ్మరు.

ఇక మిరపకాయ తొడిమలు. ఈ ముక్క చదివి నవ్వినవారు గ్రూపులో చాలామంది ఉన్నారు. నవ్వవలసిన పని లేదు, ఆ సందేశంలో పూర్తిగా నిజమైన మాట ఇదొక్కటే. తొడిమల మీద పాలను పులియబెట్టే సూక్ష్మజీవులు ఉంటాయి. వేరుశనగ గుళ్లను రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి గుడ్డలో వడకట్టాలి. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి ముందే ఏరిపారేయాలి. ఆ బూజులో విషం ఉంటుంది, మరిగించినా పోదు. వడకట్టిన పాలను అడుగంటకుండా కలుపుతూ కాచాలి. నురగ కట్టి ఒక్కసారిగా పొంగుతాయి, పొయ్యి వదిలి వెళ్లకూడదు. గోరువెచ్చగా చల్లారాక కడిగిన పచ్చిమిరప తొడిమలు పది దాకా వేసి, మూత పెట్టి, వెచ్చని చోట ఉంచితే ఎనిమిది పది గంటల్లో తోడుకుంటాయి. మొదటిసారి వచ్చేది పలచగా, కాస్త ఘాటు వాసనతో ఉంటుంది. దాన్ని తోడుగా వాడి మరుసటి రోజు పెట్టేదే అసలు పెరుగు. దానితో మజ్జిగ పులుసు విరగకుండా వస్తుంది, పెరుగు గారెలు నానతాయి. ఇది రాసినవారు ఎవరో గానీ వారికి నా నమస్కారం. ఇంత బాగా తెలిసిన మనిషి మిగతావి ఎందుకు రాశారన్నదే అర్థం కాదు.

ఆ పెరుగులో కూడా బి12 ఉండదు. అసలు మాట ఇక్కడికి వచ్చింది.

పులిసిన పిండిలో బి12 ఉందన్న మాటను సందేశాలు పంపేవారే కాదు, చదువుకున్నవారూ నమ్ముతున్నారు. బి12ను మొక్కలు తయారుచేయవు, జంతువులూ చేయవు. కొన్ని రకాల సూక్ష్మజీవులే చేస్తాయి. పిండి పులిసేది సూక్ష్మజీవుల వల్లే కాబట్టి అందులో బి12 ఉండి తీరాలని ఒక అడ్డదారి తర్కం. మన గిన్నెలో పెరిగేవి ఆ రకాలేనని భరోసా ఏది? పులుపు ఎక్కించే సూక్ష్మజీవి వేరు, బి12 కట్టే సూక్ష్మజీవి వేరు. ఎక్కడో కొద్దిగా కనిపించినా ఒక మనిషిని ఏళ్ల తరబడి నిలబెట్టేంత ఉండదు. ఆరోగ్యం పేరుతో అమ్మే స్పిరులినాలో ఉండేదీ ఎక్కువగా నకిలీ బి12, మన ఒంటికి పనికిరానిది. మనలో శాకాహారులకు ఇంతకాలం ఎంతో కొంత అందించినవి పాలు, పెరుగు. వాటిని మానినప్పుడు ఆ కాస్త ఆధారం కూడా పోతుంది. ఇది పాలు మానేసినదానిగా నేనే చెబుతున్నాను.

"నేను రెండేళ్లుగా మానేశాను, ఏమీ కాలేదు" అనేవారు ఉంటారు. ఏమీ కాకపోవడానికి కారణం కాలేయం. అది బి12ను ఏళ్లకు సరిపడా దాచుకుంటుంది. ఆ నిల్వ నెమ్మదిగా కరుగుతుంది. కరిగాక అరికాళ్లలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, నడకలో తూలు, మతిమరపు, నీరసం. అప్పటికి ఆ సందేశం పంపినవారికి పంపిన సంగతే గుర్తుండదు. నరాలు దెబ్బతిని చాలాకాలమైతే ఆ తరువాత మందు వేసినా పూర్తిగా కోలుకోకపోవచ్చు.

సందేశం ఎవరిని ఉద్దేశించి రాశారో గుర్తుందా? షుగర్ ఉన్నవారిని. వారిలో ఎంతోమంది మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. ఏళ్ల తరబడి వాడితే ఆ మందు బి12 ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. అంటే మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్న మనిషి చేత పాలు మాన్పించి, బి12 మాత్ర వద్దని చెప్పి, బెల్లం ఉండలు తినమంటున్నారు. ఆ మనిషికి కాళ్లు తిమ్మిరెక్కితే ఇంట్లోవారు ఏమనుకుంటారు? షుగర్ వల్ల అనుకుంటారు. అసలు కారణాన్ని ఎవరూ వెతకరు. హాని చేయాలని కూర్చుని ఆలోచించినా ఇంతకన్నా పకడ్బందీగా రాయలేరు.

రక్తహీనత లేదు కాబట్టి బి12 బాగానే ఉందనుకోవడం ఇంకో పొరపాటు. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవారికి ఫోలేటు అనే మరో బి విటమిన్ దండిగా అందుతుంది. అది రక్తాన్ని సరిగా ఉంచి, బి12 కొరతను కప్పేస్తుంది. లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఈ సంగతి కొత్తది కాదు, దీని కథలో మన మనిషే ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని, అంటే ఫోలేటు రూపాన్నే, కృత్రిమంగా తయారుచేసింది. పెర్నీషియస్ అనీమియా, అంటే బి12 ఒంటబట్టక వచ్చే రక్తహీనత, ఉన్న రోగులకు దాన్ని ఇస్తే రక్తం బాగుపడింది, నరాల జబ్బు మాత్రం ఆగలేదు. నరాలను కాపాడేది మరొకటి ఉందని దానితో స్పష్టమైంది. 1948లో కాలేయ సారం నుంచి విడిగా రాబట్టిన ఆ పదార్థమే బి12. సుబ్బారావు కన్నుమూసినదీ ఆ ఏడాదే. వైద్యులు అంత శ్రమపడి తేల్చినదాన్ని ఒక ఫార్వర్డు కోసం పక్కన పడేద్దామా?

బాలింతల విషయం తలచుకుంటే నాకు మరీ భయం వేస్తుంది. 1962లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు కొందరు పసిబిడ్డల గురించి రాశారు. తల్లిపాలు తప్ప మరొకటి ఎరుగని బిడ్డలు. తల్లుల ఒంట్లోనే బి12 లేదు, కాబట్టి పాలలోనూ లేదు. ఆ బిడ్డలు మందకొడిగా, వణుకుతూ, చర్మం నల్లబడి, అప్పటిదాకా వచ్చిన పనులు కూడా మరచిపోయి ఆస్పత్రికి చేరారు. గర్భిణులకు, బాలింతలకు "మాత్రలు మోసం" అని పంపే ముందు ఈ ఒక్కటి చదవండి. ఏడాది లోపు బిడ్డకు తల్లిపాల స్థానంలో బాదం పాలు, కొబ్బరి పాలు పట్టకూడదని కూడా ఇక్కడే చెబుతున్నాను.

మాత్ర కంపెనీల మోసమట. 1944లో బ్రిటన్‌లో పుట్టిన వీగన్ సొసైటీ, అంటే ఈ తిండికి వీగన్ అని పేరు పెట్టిన సంస్థే, తన సభ్యులకు ఏం చెబుతుందో తెలుసా? బి12 కలిపిన ఆహారం రోజూ తినండి, లేదంటే రోజుకు కనీసం 10 మైక్రోగ్రాముల మాత్ర గానీ, వారానికి 2000 మైక్రోగ్రాములు గానీ వేసుకోండి అని. ఎనభై ఏళ్లుగా పాలు ముట్టనివారి సలహా అది. ఆ మాత్రలోని బి12ను తొట్లలో సూక్ష్మజీవులను పెంచే తీస్తారు, ఏ పశువునూ బాధపెట్టరు. ఇడ్లీ పిండిలో ఉంటుందని మీరు ఆశపడినది మందుల దుకాణంలో దొరుకుతుంది, తెచ్చుకోండి. ఇప్పటికే చాలాకాలంగా మానేసినవారు, మెట్‌ఫార్మిన్ వాడేవారు, గర్భిణులు ముందు వైద్యుణ్ణి అడిగి రక్తపరీక్ష చేయించుకోండి.

రాగి పాత్ర ఒకటి మిగిలింది. పులిసేవి, పుల్లనివి రాగిలో పెడితే రాగి కరిగి తిండిలోకి దిగుతుంది, కడుపులో వికారం, వాంతులు మొదలవుతాయి. మన ఇళ్లలో ఆ పాత్రలకు లోపల కళాయి వేయించింది అందుకే. వేరుశనగ పెరుగు మట్టి పాత్రలోనో గాజు గిన్నెలోనో తోడుపెట్టుకోండి.