యుద్ధభూమిలో పుట్టిన ట్రోఫీ

2025 సెప్టెంబర్ 28 రాత్రి దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. పాకిస్థాన్ 146కి ఆలౌటైంది. మనవాళ్లు 20 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకున్నారు. అక్కడి నుంచి హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69 నాటౌట్‌గా నిలబడి గెలిపించాడు. ఊరూవాడా ఆ ఇన్నింగ్స్ గురించే చెప్పుకోవాల్సిన రాత్రి. తెల్లారేసరికి చర్చంతా కప్పు మీదికి మళ్లింది. ఆసియా క్రికెట్ కౌన్సిల్ అధ్యక్షుడూ, పాకిస్థాన్ మంత్రీ అయిన మొహ్‌సిన్ నఖ్వీ చేతుల మీదుగా ట్రోఫీ తీసుకోవడానికి మన జట్టు ఒప్పుకోలేదు. ట్రోఫీని మైదానం నుంచి తీసుకెళ్లిపోయారు.

పహల్గాం దాడి రేపిన కోపాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒక లోహపు కప్పు అంత బరువు ఎలా మోయగలిగిందో అర్థం కావాలంటే ట్రోఫీ అనే మాట పుట్టిన చోటికి వెళ్లాలి.

గ్రీకు భాషలో ‘త్రోపే’ అంటే వెనక్కి తిరగడం. శత్రువు వెన్ను చూపిన చోటే గెలిచినవాళ్లు ఒక గుంజ పాతేవారు, లేదంటే అక్కడున్న చెట్టు మొద్దునే వాడుకునేవారు. ఓడినవాళ్ల శిరస్త్రాణం దాని మీద పెట్టి, కింద కవచం తొడిగి, పక్కన డాలు తగిలించేవారు. దూరం నుంచి చూస్తే సైనికుడు నిలబడ్డట్టే ఉండేది. అదే ‘త్రొపైయాన్’. లాటిన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో ట్రోఫీ అయి మన దాకా వచ్చింది.

దీనికి పద్ధతులుండేవి. తమవాళ్ల శవాలు తీసుకెళ్లడానికి సంధి అడిగితే ఓటమి ఒప్పుకున్నట్టే లెక్క. క్రీ.పూ. 433లో సిబోటా దగ్గర గ్రీకు నగర రాజ్యాలైన కోరింథ్, కోర్సిరాల నౌకాదళాలు తలపడ్డాక రెండు పక్షాలూ గెలుపు మాదే అన్నాయి, రెండూ జయచిహ్నాలు నిలిపాయి!

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వేరే ఆచారం. ఈ చిహ్నాన్ని చెక్కతోనే చేయాలి, శిథిలమైతే బాగుచేయకూడదు. పగ కూడా దాంతోపాటే చెరిగిపోవాలన్నది ఉద్దేశమని ప్రాచీన రచయితలు చెప్పారు. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా దగ్గర స్పార్టాను ఓడించిన థీబ్స్‌వాళ్లు కంచుతో చేయించారు. దాని మీద ఫిర్యాదు వచ్చిందని రోమన్ రచయిత సిసిరో రాశాడు. గెలిచినందుకు కాదు, ఆ గెలుపును శాశ్వతం చేసినందుకు! మరి రోమన్ల లెక్క వేరు. అగస్టస్ చక్రవర్తి ఆల్ప్స్‌లో లొంగదీసిన 45 తెగల పేర్లను రోమన్ సెనేట్ రాతి కట్టడం మీదే చెక్కించింది.

మన దగ్గరా రాతిదే పైచేయి. ఒడిశా పాలకులైన గజపతులను గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు ఉత్తరాంధ్రలోని పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఉదయగిరి కోట నుంచి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి తన రాజధాని విజయనగరంలో (నేటి హంపి) గుడి కట్టించాడు. తర్వాత సంధి చేసుకుని, గజపతి కూతురిని పెళ్లాడి, కృష్ణా నదికి ఉత్తరాన గెలిచిన సీమను తిరిగి ఇచ్చేశాడు. అంటే పొట్నూరు మళ్లీ గజపతులదే అయింది. ఆ రాజనీతిని స్తంభం కన్నా ఎక్కువగా చెప్పుకోవాలని నా అభిప్రాయం.

ఇక ఆటల్లో గెలిచినవాడికి ఇచ్చే బహుమతిని గ్రీకులు త్రొపైయాన్ అనలేదు. దానికి ‘అథ్లాన్’ అని వేరే మాట ఉండేది. అథ్లెట్ అన్న పదం అందులోంచే వచ్చింది. ఒలింపియాలో ఇచ్చేది అడవి ఆలివ్ కొమ్మల కిరీటం. ఏథెన్స్ పోటీల్లో నూనె నింపిన కుండలు. వాటిలో ఓడినవాడి దగ్గర లాక్కున్నదేదీ లేదు. ఈ తేడాను ఆధునిక కాలం చెరిపేసింది, యుద్ధానికి చెందిన పేరు ఆటల బహుమతికి స్థిరపడింది.

పేరు ఇప్పుడెలాగూ మారదు. మారాల్సింది మనం దాని చుట్టూ పేర్చే భాష. పాకిస్థాన్‌తో మ్యాచ్ అనగానే ‘మహాసంగ్రామం’, ‘ప్రతీకారం’ అని శీర్షికలు పెట్టేది మన పత్రికలూ, మన చానళ్లే. హైదరాబాద్ 1937-38లో, మళ్లీ 1986-87లో రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ విజయాలను ఎవరిమీదో పగ తీర్చుకున్నట్టు ఎవరూ చెప్పుకోరు, బ్యాటింగ్ గురించీ బౌలింగ్ గురించీ చెప్పుకుంటారు. దుబాయ్ ఫైనల్ గురించి కూడా అలాగే రాయొచ్చు. ఆ పని క్రీడా పేజీలు రాసేవాళ్లు మొదలుపెట్టాలి.