కాగితంలో కనిపించని అమ్మమ్మ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో భార్యాభర్తల తగువు కోర్టు మెట్లెక్కే ముందు పెద్దమనుషుల దగ్గరకు వెళ్లడం మామూలు. అక్కడ రాసుకునే కాగితంలో బంగారం ఎంత, సారె సామాన్లలో ఏవి తిరిగి ఇవ్వాలి, పెళ్లి ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్నవి తులాల లెక్కన, వందల లెక్కన ఉంటాయి. పిల్లల సంగతి వచ్చేసరికి చాలాసార్లు ఒక్క వాక్యంతో సరిపెడతారు: "పిల్లవాడు తల్లి వద్ద ఉండును." కోర్టు ఉత్తర్వు ఇంతకన్నా వివరంగానే ఉంటుంది గానీ, అది కూడా తల్లి, తండ్రి అనే ఇద్దరి మధ్యే ఆలోచిస్తుంది. ఈ రెండు జిల్లాల్లో పిల్లలను నిజంగా పెంచుతున్నది తరచూ ఆ ఇద్దరిలో ఎవరూ కాదు.

తండ్రి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో భవన నిర్మాణ పనుల్లో ఉంటాడు, లేదా గుజరాత్‌లోని వెరావల్ రేవులో బోటు ఎక్కి ఉంటాడు. పుట్టింటికి చేరిన తల్లి ఏడాది తిరగకుండానే పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్టులకో, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకో వెళ్లక తప్పదు. పొద్దున బడికి పంపేది, జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గరకు ఎత్తుకెళ్లేది, రాత్రి పక్కలో పడుకోబెట్టుకునేది అమ్మమ్మ. అందరికీ తెలిసిన ఈ సంగతి కాగితంలో మాత్రం ఉండదు. విడిపోయిన తల్లిదండ్రుల మధ్య తర్వాత వచ్చే గొడవల్లో చాలా వాటికి మూలం ప్రేమ లేకపోవడమో, పంతమో కాదనీ, ఈ ఖాళీయేననీ నా అభిప్రాయం.

చట్టంలో ఉన్నదేమిటో చూద్దాం. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్ తండ్రిని, ఆ తరువాత తల్లిని సహజ సంరక్షకులుగా చెబుతూ, అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. "తరువాత" అంటే తండ్రి చనిపోయాకే అని కాదనీ, తండ్రి బాధ్యత వహించని పరిస్థితి కూడా అందులోకి వస్తుందనీ సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో స్పష్టం చేసింది. ఊళ్లలో మాత్రం ఆరో సెక్షన్ మరోలా చలామణీలో ఉంది: అయిదో ఏడు నిండగానే తండ్రి వచ్చి బిడ్డను తీసుకుపోవచ్చని. ఆ భయంతో పుట్టినరోజు దగ్గర పడుతుంటే బిడ్డను వేరే ఊరి బంధువుల ఇంటికి పంపేసే తల్లులున్నారు. అదే చట్టం పదమూడో సెక్షన్ అన్నిటికన్నా బిడ్డ సంక్షేమమే ముఖ్యమని చెబుతుందన్న మాట పెద్దమనుషుల నోట అరుదుగా వినిపిస్తుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం సంరక్షణ దరఖాస్తు బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులో వేయాలి. అంటే తండ్రి ఏ కోర్టుకు రావాలో నిర్ణయించడానికి అమ్మమ్మ ఇల్లు పనికొస్తుంది, ఉత్తర్వులో పేరు రాయడానికి మాత్రం అమ్మమ్మ పనికిరాదు.

తండ్రికి బిడ్డను చూపించే రోజుల విషయంలో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నెలలో రెండు ఆదివారాలు తండ్రి బిడ్డను చూడవచ్చన్న ఏర్పాటు విశాఖలో ఉద్యోగం చేసుకునే తండ్రికి సరిపోతుంది, వెరావల్ బోటులో ఉన్న తండ్రికి అది తెల్లకాగితంతో సమానం. పశ్చిమ తీరంలో చేపల వేట నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు, మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. మన బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. గుజరాత్ బోట్ల మీద పనిచేసే తండ్రికి తన తీరిక, బిడ్డ సెలవులు కలిసేది జూన్ మొదటి పది పదకొండు రోజులే, అందులో రెండు మూడు రోజులు రైల్లోనే పోతాయి. ఆ పది రోజులు పూర్తిగా తండ్రికి ఇచ్చి, మిగతా ఏడాది ఫోనుకు వేళలు పెట్టుకోవడం ఇద్దరికీ మేలు. తల్లిదండ్రులు దూరంగా ఉన్నప్పుడు వీడియో కాల్‌లో బిడ్డతో మాట్లాడే అవకాశం కల్పించాలని యశిత సాహు కేసులో సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కానీ అమ్మమ్మ చేతిలో ఉన్నది బటన్ ఫోన్. మాట్లాడించే ఫోన్ ఎవరు కొనాలి, రీఛార్జి ఎవరు వేయించాలి అన్నది చిన్న విషయంగా కొట్టిపారేయకూడదు. మనోవర్తి ఇవ్వలేదని బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని మనోవర్తి ఆపేయడం అనే ఎదురుబేరం అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి వెల కాదన్న మాట కాగితంలో మొదటి వాక్యంగా ఉండాలి.

ప్రభుత్వ డబ్బుదీ ఇదే చిక్కు. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం కింద విద్యార్థికి 15,000 రూపాయలు, అందులో బడి నిర్వహణకు 2,000 పోగా 13,000 తల్లి ఖాతాలో పడతాయి. బిడ్డ నానమ్మ దగ్గర పెరుగుతూ, తల్లి మరో ఊరిలో ఉన్న ఇళ్లలో ఆ డబ్బు పడ్డప్పుడల్లా ఒక కొత్త తగువు. తల్లిది తప్పని అనలేం, ఆమె ఖాతా అడిగింది ప్రభుత్వమే.

మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇంకో సంగతీ ఉంది. అక్క కూతురిని చేసుకున్న ఇంట్లో దంపతులు విడిపోతే, బిడ్డను పెంచుతున్న అమ్మమ్మ, ఆ బిడ్డ తండ్రికి అత్తగారే కాదు, తోడబుట్టిన అక్క కూడా. ఇలాంటి తగువు చీలిస్తే రెండు కుటుంబాలను కాదు, ఒకే కుటుంబాన్ని నిలువునా చీలుస్తుంది, ఆస్తి గొడవ కూడా ఇందులోనే కలిసిపోతుంది. అయితే ఇక్కడే ఒక వెసులుబాటు కూడా ఉంది. భార్య ముఖం చూడటానికి ఇష్టపడని మనిషి అక్క గుమ్మంలోకి రావడానికి అంతగా వెనుకాడడు. సంక్రాంతికి భోగి, పండగ తల్లితో, కనుమ, ముక్కనుమ తండ్రితో అని పంచుకోవాల్సి వస్తే బిడ్డను అప్పగించే చోటు పోలీస్ స్టేషనో కోర్టు వరండానో కాకుండా ఆ గుమ్మమే కావచ్చు.

తాతలకు, అమ్మమ్మ నానమ్మలకూ బిడ్డతో గడిపే సమయం ఉండాలని లా కమిషన్ 2015లో ఇచ్చిన 257వ నివేదికలో సూచించింది. నేను అడుగుతున్నది దానికన్నా ఒక అడుగు ముందుకు: సమయమే కాదు, చేస్తున్న పనికి గుర్తింపు. బడిలో సంతకం ఎవరు పెట్టవచ్చు, ఆసుపత్రిలో ఒప్పుకోలు ఎవరు ఇవ్వవచ్చు, నెలకు పెద్దామె చేతికి ఎంత ఇవ్వాలి అన్నవి రాజీలోనే పేరుతో సహా రాయాలి. పేరు రాస్తే మూడో వ్యక్తికి హక్కు ఇచ్చినట్టవుతుందని, రేపు ఆమె కూడా కోర్టుకెక్కుతుందని న్యాయవాదులు అభ్యంతరం చెప్పవచ్చు. రాసేది హక్కు కాదు, తల్లిదండ్రులిద్దరూ కలిసి ఆమెకు అప్పగించిన పని మాత్రమేనని ఆ వాక్యంలోనే చెప్పుకోవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. పెద్దమనుషుల కాగితానికి ఆ బలం లేదు.

ఆ కాగితంలో రెండో పేరు కూడా ఉండాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస వైపు, బిడ్డను చూసుకునే అమ్మమ్మే వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లాల్సిన ఇళ్లున్నాయి. ఆమె బెడ్ మీద ఉన్న ఆ నాలుగు గంటలు, వచ్చి నీరసంగా పడుకున్న ఆ సాయంత్రం బడి నుంచి వచ్చిన బిడ్డకు అన్నం ఎవరు పెట్టాలన్నది తల్లీ తండ్రీ ముందే కూర్చుని తేల్చుకోవలసిన విషయం.