అరిసె ఒక్కరి చేతి వంట కాదు

మా ఇంట్లో సంక్రాంతి ఇప్పుడు నవంబర్ రెండో వారంలో, పొద్దున్న ఎనిమిదింటికి మొదలవుతోంది. హైదరాబాద్‌లో మా అబ్బాయి ఫోన్ పట్టుకుని, కోడలు లాప్‌టాప్ ముందు కూర్చుని రైల్వే వెబ్‌సైట్ కోసం కాచుకుని ఉంటారు. 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది కదా, భోగికి ముందు బయల్దేరే రైళ్ళకి టికెట్లు తెరిచేది సరిగ్గా అప్పుడే. గౌతమి చూస్తుండగానే అయిపోతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు. ఆ టెన్షన్ ఇక్కడ కోనసీమలో కూర్చున్న నాకూ అంటుకుంటుంది. వెనకటికి డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం రాగానే "నెల పట్టారు" అనుకునేవాళ్ళం. ఇప్పుడు మాకు నెల పట్టేది రైల్వే వాళ్ళే.

టికెట్ దొరికినా రైలు అమలాపురం దాకా రాదు. రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా ఇంకో రెండు గంటలు పడాలి. వాళ్ళు గుమ్మంలో అడుగు పెట్టేసరికి భోగి. "కనుమ నాడు కాకైనా కదలదు" అంటారు గానీ మావాళ్ళు ఆ సాయంత్రమే కదులుతారు, మర్నాడు ఆఫీసు ఉంటుంది మరి.

ఇంత తంటాలు పడి వచ్చే పిల్లల్ని పట్టుకుని "ఈ తరానికి పండగలంటే ఇష్టం పోయింది" అని ప్రతి జనవరిలోనూ ఎవరో ఒకరు రాస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఇష్టం లేనివాళ్ళు సీటు లేకపోయినా నిలబడి వస్తారా? వాళ్ళకి ఇష్టం ఉంది. పండగలో వాళ్ళ పాలికి ఒక పని లేదు. ఆ పని ఎక్కడికి పోయిందన్నదే నా ఆలోచన.

గొబ్బెమ్మల సంగతి చూడండి. పండగ రోజున ముగ్గులో పెట్టి ఫొటో తీసుకునే వస్తువని మనవలు అనుకుంటారు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో అది నెల రోజుల పొద్దుటి పని. చీకటితో లేచి పేడకళ్ళు ఎత్తి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, గొబ్బెమ్మ చేసి దాని నెత్తిన గుమ్మడి పువ్వు గుచ్చాలి. మొదటి వారం ఏడు చుక్కల ముగ్గు, తర్వాత పదకొండు, పండగ దగ్గరపడే కొద్దీ వాకిలి నిండా. చుక్క తప్పితే మా అత్తగారు కాలితో చెరిపేసి మళ్ళీ పెట్టించేవారు, మాట కూడా అనేవారు కాదు. ఆ గొబ్బెమ్మలనే గోడకి పిడకలు కొట్టేవాళ్ళం. భోగికి పిల్లలు మంటలో వేసే దండల కోసం నడిమధ్య చిల్లు పెట్టి బుల్లి పిడకలు విడిగా చేసేవాళ్ళు. గొబ్బి పిడకలు దాచి ఉంచితే రథసప్తమి నాడు వాటి మీదే పాలు పొంగేవి. ముప్పై మామూలు పొద్దుల చివర వచ్చేది పెద్ద పండగ. ఆ ముప్పైలో ఒక్క పొద్దూ చూడని పిల్ల ముప్పై ఒకటో నాడు వచ్చి ఏం నేర్చుకుంటుంది?

పిల్ల వచ్చినా ఇప్పుడు పేడ లేదనుకోండి. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి. కోత మెషీను వచ్చాక గడ్డి చేతికి రావడం తగ్గింది, పాడి కూడా తగ్గింది. మా చుట్టుపక్కల వరి చేలు కొన్ని చేపల చెరువులైతే కొన్ని రొయ్యల చెరువులయ్యాయి. పోయిన భోగికి మా కోడలు పిడకల దండ ఆన్‌లైన్‌లో తెప్పించింది, అట్టపెట్టెలో చక్కగా ప్యాక్ చేసి వచ్చింది. తప్పు పట్టను. కానీ ఆ పెట్టె విప్పుతూ నాకు నవ్వొచ్చింది.

డెల్టాలో పండగకీ పొలానికీ ఉన్న ముడి బయటివాళ్ళకి అంతగా తెలియదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి పది లక్షల ఎకరాల పైచిలుకు భూమికి కాలువే క్యాలెండర్. మొదటి పంట సార్వా కోసి, నూర్చి, ధాన్యం ఇంటికి చేర్చాక, రెండో పంట దాళ్వా నాట్ల హడావిడి మధ్యలో దొరికే కాస్త సందు సంక్రాంతి. గాదెలో కొత్త ధాన్యం, చేతిలో నాలుగు డబ్బులు, ఊళ్ళో అందరికీ ఒకేసారి తీరిక. ఆ తీరిక వల్లే మా వంటలన్నీ అంత మంది చేతులు పడితే గానీ కాని వంటలయ్యాయి.

అరిసెలు తీసుకోండి. బియ్యం ముందు రోజు నానబోసి, వార్చి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టి తడి ఆరకముందే దంచాలి. రోట్లో దంచితే ఇద్దరు చెరో రోకలి వేసేవాళ్ళు, ఒకరు జల్లించేవాళ్ళు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పాకం చుక్క నీళ్ళ పళ్ళెంలో వేస్తే వేళ్ళ మధ్య మెత్తటి ఉండ కట్టాలి. అది వచ్చిన నిమిషం ఆగకూడదు. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. తర్వాత ఒకరు తట్టాలి, ఒకరు నూనెలో వేసి తియ్యాలి, ఒకరు చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తాలి. లెక్కేసుకోండి, నలుగురికి తగ్గితే అరిసె కాదు. జంతికలూ పోకుండలూ ఎలాగో ఒక్కత్తినే వండుకోవచ్చు, అరిసె మాత్రం కుదరదు. ఆ నలుగురిలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

డబ్బు లేకపోయినా పండగ నిలబడడం నేను కళ్ళారా చూశాను. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను మా కోనసీమ మీదుగా వెళ్ళింది. పొద్దున్న లేచి చూస్తే కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా పడి ఉన్నాయి. చేలో చేతికొచ్చిన పంట నీళ్ళపాలు. రెండు నెలలకి సంక్రాంతి. ఎవరింట్లోనూ సరిపడా బియ్యం లేవు. మా వీధిలో ఐదిళ్ళ వాళ్ళం తలా కొంచెం తెచ్చి, పైకప్పు మిగిలిన ఒక్క ఇంట్లో ఒకే పొయ్యి మీద వండాం. మనిషికి రెండు అరిసెలు వచ్చినట్టు గుర్తు. ఆ ఐదిళ్ళలో రెండింటికి ఇప్పుడు తాళాలు. ఒకదాంట్లో నాలాగే ఒక్కావిడ. అందరికీ డబ్బుకి లోటు లేదు. అరిసెలు టౌన్లో స్వగృహ షాపు నుంచి వస్తాయి.

ఆ షాపు మీద కోపం లేదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే బోర్లించిన కుండ మీద పిండి నీళ్ళ గుడ్డ లాగే ఆడవాళ్ళ చేతి పనికి ఒక విలువ కట్టినట్టే. స్వగృహ షాపులోనూ పొయ్యి ముందు ఉండేది నా వయసు ఆడవాళ్ళే, కాకపోతే కూలి ముడుతుంది. ఇంట్లో నాకు ముట్టేది "మీ చేతి రుచి ఎక్కడా రాదండీ" అన్న మాట. ఆ మాట చాలా ప్రమాదం. దానికి పడిపోయి ఇరవై ఏళ్ళుగా పొయ్యి ముందు నుంచి లేవలేకపోయాను. జనవరి వస్తే టీవీలో కొత్త అల్లుడికి వందల రకాల వంటకాలని చూపిస్తారే, గోదారోళ్ళ మర్యాద అంటూ, అందులోనూ అల్లుడు కనిపిస్తాడు, అత్తమామలు కనిపిస్తారు, కెమెరా వంటింటి వైపు మాత్రం తిరగదు. మగవాళ్ళ సంగతి సరేసరి, కోర్టులు వద్దన్నా కోడిపందేల బరుల దగ్గరే వాళ్ళ మూడు రోజులూ.

అయితే తప్పు మాదీ ఉంది. ఏడాదికోసారి వచ్చే పిల్లలని, చుట్టాల్లా చూశాం. "నువ్వు కూర్చోమ్మా, అలసిపోయి వచ్చావు" అని కోడలిని పంపేశాం. "చెయ్యి పెట్టకు, పాడవుతుంది" అని మనవరాలిని కసిరాం. వాళ్ళు కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళ చేతిలోకి ఫోన్ వస్తుంది. తర్వాత ఫోన్లు చూస్తున్నారని మేమే గొణిగాం.

ఇది నాకు తట్టింది వంటింట్లో కాదు, జగ్గన్నతోటలో. కనుమ నాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ రుద్రులు, వెదురుతో ఎత్తుగా కట్టి భుజాల మీద మోసే ప్రభల మీద ఆ కొబ్బరి తోటకి చేరతారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. అన్ని సంప్రదాయాలూ సన్నగిల్లాయంటున్న ఈ రోజుల్లోనే ఇది ఏటికేడాది పెరుగుతోంది. గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటే చోట ఒడ్డున నిలబడి చూడండి. పీకల్లోతు నీళ్ళలో, బురదలో జారుతూ, "అశ్శరభ శరభ" అని అరుస్తూ భుజం మార్చుకునే కుర్రాళ్ళలో ఎంతోమంది హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళే. ఏసీ గదిలో కూర్చునే పిల్లాడు చేతి వాచీ తీసి వాళ్ళమ్మకిచ్చి నీళ్ళలోకి దిగుతాడు. వాడికి భక్తి ఎంతో నాకు తెలియదు. వాడి భుజం లేకపోతే ప్రభ ఒరుగుతుంది, ఆ సంగతి వాడికి తెలుసు. ఇంట్లో ఉన్న మనవరాలికి అలాంటి భుజం మనం ఇవ్వలేదు. పళ్ళెం ఇచ్చాం.

అందుకని పోయిన సంక్రాంతికి పట్టుబట్టాను. పదో తరగతి మనవరాలిని పిండి గిన్నెతో పొయ్యి పక్కన నిలబెట్టాను.

"మామ్మా, ఎంత పొయ్యాలి?"

"నేను ఆపమనేదాకా."

"చెయ్యి కాలుతోంది."

"కాలుతుంది. పోస్తూనే ఉండు, ఆగితే ఉండ కడుతుంది."

ఆగింది. కట్టింది. ఈలోగా పాకం ముదిరి, తెడ్డు తిప్పుతున్న నా మణికట్టు పట్టేసింది. ఆ వాయి అరిసెలు రాళ్ళలా వచ్చాయి, మనవడు ఒకటి గోడకేసి కొట్టి చూశాడు, విరగలేదు. మా అమ్మాయి కిందామీదా పడి నవ్వింది. వెళ్ళేటప్పుడు డబ్బాలో స్వగృహ అరిసెలు సర్దబోతే మనవరాలు ఒప్పుకోలేదు. "నేను పోసిన పిండివి పెట్టు" అంది. ఆ రాళ్ళు హాస్టల్‌కి వెళ్ళాయి.

మాకు రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి వీడియో కాల్ ఉంటుంది. అంతకుముందు అది రెండు నిమిషాల వ్యవహారం. తిన్నావా, ఏం కూర, చదువుకుంటున్నావా, సరే పడుకో. వాళ్ళకి నా రోజు తెలియదు, నాకు వాళ్ళ రోజు తెలియదు, ఇంక మాట ఎక్కడ దొరుకుతుంది? ఆ అరిసెల తర్వాత మాత్రం "మామ్మా, పిండి మరీ తడిగా ఉన్నా ఉండ కడుతుందా" అని అది అడుగుతుంది. పాడైన వాయి ఇచ్చినంత మాట బాగా కుదిరిన వాయి ఇవ్వలేదు.

పాతదల్లా అందించాలని మాత్రం నేను అనను. మా వారు పోయి తొమ్మిదేళ్ళు. ఆ మొదటి భోగికి చిన్న మనవడికి భోగిపళ్ళు పోస్తున్నారు. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతి రెక్కలు, చిల్లర కలిపి పళ్ళెంలో పెట్టారు. పావలాలు 2011లోనే చెల్లకుండా పోయాయి కాబట్టి అన్నీ రూపాయి బిళ్ళలే. నేను అలవాటు కొద్దీ వెనక్కి జరిగి తలుపు వార నిలబడ్డాను. ముందు ముత్తైదువలు పొయ్యాలి, అది ఎవరూ చెప్పనక్కర్లేని రూలు. మా కోడలు పళ్ళెం పట్టుకుని సరాసరి నా దగ్గరికి వచ్చి "మీరు మొదలుపెట్టండి అత్తయ్యా" అంది. పేరంటానికి వచ్చినవాళ్ళలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా చెయ్యి వణికింది, పోశాను. వాడిప్పుడు ఏడో తరగతి. నా భుజం దాటాడు. మా అత్తగారు నేర్పిన ముగ్గు నేను అందిస్తాను, ఆ తలుపు వార చోటు మాత్రం నాతోనే పోవాలి.

ఇప్పుడు నా వాదన సూటిగా చెప్తాను. పండక్కి మూడు రోజులు రావడం మానమని కాదు, దానితో సరిపెట్టుకోవద్దని. పిల్లలని మామూలు రోజుల్లో పంపండి. మా ఇళ్ళలో పని ఎక్కువ, చేతులు తక్కువ ఉండేది మే నెలలో. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ దిగుతుంది, ఆవకాయ ముక్క కొట్టించాలి, జీడి తీసి గుడ్డతో ఒక్కో ముక్కా తుడవాలి. తుడవడం ఎప్పుడూ పిల్లల పనే. మాగాయి ఎండబెడితే కాకుల్ని తోలడానికి ఒకడు కావాలి. వేడి ఉంటుంది, కరెంటు పోతుంది, ఇన్వర్టర్ మీద ఫ్యాన్ మాత్రమే తిరుగుతుంది. మనవడు మొదటి మూడు రోజులు ఏడుస్తాడు, నాకు తెలుసు. నాలుగో రోజుకి తాటి ముంజల వాడి సైకిల్ బెల్లు గుర్తుపడతాడు.

కోచింగ్ క్లాసులు ఉంటాయని మా అబ్బాయి నసుగుతున్నాడు. నేను లెక్క కట్టి పెట్టుకున్నాను. మే 5కి రైలు ఎక్కాలంటే మార్చి 6న, పొద్దున్న ఎనిమిదింటికి.