సీసా మీది 99.9 శాతానికి

శ్రీయుత 99.9 శాతం గారికి,

నల్లకుంటలో మా వంటగది గట్టు కింద, ఫినాయిల్ సీసా మీద ‘99.9 శాతం క్రిములు హతం’ అంటూ ఎర్రటి అక్షరాల్లో కొలువుదీరిన మీకు నమస్కారాలు. పొద్దున్నే బకెట్టులో ఒక మూత పోస్తే నీళ్లు పాలలా తెల్లబడి, ఇల్లంతా మల్లెపూల ఘాటు. ఇక క్రిమి అన్నదే లేదని మా ఆవిడ నిశ్చింత. మిగిలిన 0.1 శాతం ఎక్కడ కాపురం పెట్టిందో మీరు చెప్పలేదు, మేము అడగలేదు.

గచ్చు కడిగిన నీళ్లు తూములో పడ్డాక మీ యోగక్షేమాలు ఎవరికీ పట్టవు. నాకు పట్టాయి. మురుగు మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి, కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలోకి. మా అమ్మ పుట్టిల్లు ఆ చివరే, దివిసీమలో. అంటే మీరు మా మేనమామల ఊరికి ప్రయాణం కట్టారన్నమాట. ఇన్ని ఆనకట్టలు దాటి చేరతారో లేదో గానీ, చేరితే కాస్త తలవంచుకుని వెళ్లండి.

అక్కడి సముద్రంలో ఒక్క మిల్లీలీటరు నీటిలో సుమారు 10 లక్షల బ్యాక్టీరియా, కోటి దాకా వైరస్‌లు. మీ లెక్కన ఊడ్చేసినా ఇంకా వెయ్యి బ్యాక్టీరియా, పదివేల వైరస్‌లు మీ ముఖం చూస్తూ నిలబడి ఉంటాయి. పైగా చంపడం మీ ఒక్కరి విద్య కాదు. సముద్రపు బ్యాక్టీరియాలో ఐదో వంతును వైరస్‌లే రోజూ చీల్చేస్తాయని అంచనా. మీరు చంపి ఊరుకుంటారు, అవి చంపి వడ్డిస్తాయి. పగిలిన కణంలోంచి చిందిన నత్రజని, భాస్వరం, ఇనుము పక్కవాళ్లకు భోజనం. ఆ పంక్తిలో కూర్చునే వృక్షప్లవకాలే (నీళ్లలో తేలుతూ ఎండతో వండుకునే సూక్ష్మజీవులు) భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో సగం దాకా వదిలేవి. మీ ఘాటుకు దగ్గి నేను పీల్చుకునే గాలి కూడా అందులోదే.

మడ అడవి బురదలో కాలు దిగితే కుళ్లిన గుడ్డు వాసన. మీరైతే వెంటనే మూత విప్పుకుంటారు. గాలి చొరని ఆ బురదలో సల్ఫేట్ అనే గంధకపు లవణంతో బతుకు వెళ్లదీసే బ్యాక్టీరియా పుణ్యం అది. రాలిన మడ ఆకును బ్యాక్టీరియా, బూజులు నానబెట్టి మెత్తబరిస్తేనే పీతకూ రొయ్యకూ కడుపు నిండేది.

అందరూ పుణ్యాత్ములని నేను అనను. 1990లలో కోస్తా రొయ్యల చెరువుల్ని తెల్లమచ్చల వైరస్ ఎలా పీల్చి పిప్పి చేసిందో మా మామయ్యల తరానికి బాగా గుర్తు.

చివరగా ఒక ఇంటి రహస్యం. రాత్రి పాలకు తోడు పెట్టేటప్పుడు మా ఆవిడ మిమ్మల్ని గట్టు కింద ఇంకా లోపలికి తోసి తలుపు వేస్తుంది. ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ బకెట్టు మోసేవాడు