రాడ్డుకు వైరస్ అడ్డు కాదు

ఎముక విరిగితే పుత్తూరు కట్టు వైపు చూడటం మన ప్రాంతంలో తాతల నాటి అలవాటు. చర్మం చిట్లని చిన్న విరుపుల మాట ఎలా ఉన్నా, ఎముక బయటికి పొడుచుకొచ్చిన కాలుతో ఒక మనిషి తిరుపతిలోని పెద్దాసుపత్రులను దాటుకుని కట్టుకు పోతే ప్రమాదమే. ఆ మనిషికి హెచ్‌ఐవీ ఉంటే, అటు నడిపించేది చాలాసార్లు భయమే. రిపోర్టు సంగతి వార్డంతా తెలిసిపోతుందని, ఆపరేషన్ రేపు మాపని జరుపుతారని.

ఈ భయంలో పాత వైద్యానికీ వాటా ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి రాడ్డో ప్లేటో వేస్తే చీము పట్టే ముప్పు బాగా ఎక్కువని 1990ల మొదట్లో ఆఫ్రికా ఆసుపత్రుల అధ్యయనాలు చెప్పాయి. అప్పటికి వైరస్‌ను అదుపులో ఉంచే ఇప్పటి ఏఆర్‌టీ మందులు లేవు. ఆ తర్వాత మలావి, దక్షిణాఫ్రికాల్లో జరిగిన పరిశీలనలు ఆ మాటను చాలావరకు సవరించాయి. చర్మం తెగని విరుపుకు శుభ్రంగా ఆపరేషన్ చేస్తే వైరస్ ఉన్నా లేకున్నా ఫలితంలో పెద్ద తేడా లేదు. తెగిన గాయాలతోనే పేచీ. అక్కడ కూడా గాయంలో ఎంత మట్టి చేరింది, యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడింది, ఎంత బాగా కడిగారు అన్నవి ముందు చూడాలి. ఒంట్లో రోగనిరోధక శక్తిని చెప్పే రక్తకణాల లెక్క, సీడీ4, 200 కంటే తక్కువుంటే జాగ్రత్త పెంచాలి, నిజమే. ఆ రిపోర్టు వచ్చేదాకా తెగిన గాయాన్ని ఆపి ఉంచడం మాత్రం వైద్యం అనిపించుకోదు.

రోగి సంగతి దాచిపెడితే ముప్పు ఇంకోవైపు నుంచి వస్తుంది. ఎముక విరిగిందనగానే చీటీలో కాల్షియం మాత్ర పడుతుంది. ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువ మందికి ఇచ్చే టీఎల్‌డీ మాత్రలో డోలుటెగ్రావిర్ అనే వైరస్‌ను అణచే మందు ఉంటుంది. పరగడుపున రెండూ కలిపి మింగితే కాల్షియం దాన్ని ఒంటికి పట్టనివ్వదు. అన్నంతో కలిపి వేసుకోవాలి, లేదా టీఎల్‌డీ వేసుకున్న 2 గంటలకు కాల్షియం తీసుకోవాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రోజుల తరబడి వాడితే, టీఎల్‌డీలోని టెనోఫోవిర్‌తో కలిసి కిడ్నీలకు చేటు. తెలియని విషయానికి డాక్టర్ జాగ్రత్త ఎలా చెబుతారు? వార్డులో పక్క మంచం వాళ్లు చూస్తారని మందుల డబ్బా ఇంట్లోనే వదిలేసి వచ్చేవాళ్ల సంగతి సరేసరి. ఆపరేషన్ రోజుల్లో ఏఆర్‌టీ ఆగకూడదు.

సిబ్బందికీ సూది గుచ్చుకుంటుందన్న బెంగ ఉంటుంది, దాన్ని తీసిపారేయలేం. గ్లౌజులు, కళ్లద్దాలు, సూది గుచ్చుకున్నాక వైరస్ సోకకుండా 72 గంటల్లోపు మొదలుపెట్టాల్సిన పెప్ మందులు సమకూర్చడం ఆసుపత్రి బాధ్యత. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ మాట చెబుతూనే, వైద్యంలో వివక్షను నిషేధించింది. అనుమతి లేకుండా పరీక్ష చేయడమూ, సంగతి బయటపెట్టడమూ కుదరవంది. కేసు షీటు మీద హెచ్‌ఐవీ అని ఎర్ర సిరాతో రాసే అలవాటు ఎక్కడున్నా ఈ రోజే మానాలి. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి ఆసుపత్రిలోనూ ఫిర్యాదుల అధికారి ఉండాలన్నదీ ఆ చట్టమే. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ప్రతి ఎముకల ఆసుపత్రిలో ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు ఓపీ చీటీలిచ్చే కౌంటర్ దగ్గరే పెద్దక్షరాలతో రాయించాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం.